నూనె బలాన్ని తూచే యంత్రం

గ్యారేజీలో మెకానిక్ కారు ముందు మూల మీద రెండు చేతులూ ఆనించి, గట్టిగా నొక్కి వదులుతాడు. కారు ఒకసారి లేచి కుదురుకుంటే షాక్స్ బాగున్నట్టు, రెండు మూడుసార్లు ఊగితే పోయినట్టు. పూర్తిగా పాడైన షాక్ అబ్జార్బర్‌ని ఈ పరీక్ష పట్టిస్తుంది. సగం పాడైనదాన్ని పట్టించలేదు. చేతికి తగిలే బలంలో స్ప్రింగు వాటా ఎంత, రబ్బరు బుష్‌ల వాటా ఎంత, టైరుది ఎంత, షాక్ లోపలి నూనెది ఎంత అని విడదీసి చెప్పే శక్తి ఏ చేతికీ లేదు. పైగా అలా నొక్కినప్పుడు కారు బాడీ సెకనుకు ఒకటి, మహా అయితే ఒకటిన్నర సార్లు ఊగుతుంది. గతుకుల రోడ్డు మీద చక్రం సెకనుకు పది నుంచి పదిహేను సార్లు ఎగిరి పడుతుంది. ఆ కదలికలో షాక్ ఏం చేస్తోందో బానెట్ నొక్కి తెలుసుకునే దారే లేదు.

అందుకే రేసింగ్ జట్ల వర్క్‌షాపుల్లోనూ, షాక్స్ తయారుచేసే కర్మాగారాల్లోనూ, వాటిని విప్పి మళ్ళీ కట్టే దుకాణాల్లోనూ ఒక నిలువు యంత్రం కనిపిస్తుంది. రెండు లావుపాటి ఉక్కు స్తంభాలు, కింద ఒక మోటారు, పైన అడ్డంగా ఒక దూలం, మధ్యలో బిగించిన ఒక షాక్. దీని పేరు షాక్ డైనమోమీటర్. పనివాళ్ళకి డైనో. ఇంజను డైనోకి ఉన్న మోత, మంట, జనాకర్షణ దీనికి లేవు. మోటారు తిరుగుతుంది, షాక్ కిందికీ మీదికీ ఆడుతుంది, పక్కనున్న కంప్యూటర్ తెర మీద ఒక గీత తనను తాను చుట్టుకుంటూ మూసుకుంటుంది. చూడటానికి ఇంతే.

ఈ పనిలో నన్ను కట్టిపడేసింది ఆ గీత వెనక ఉన్న ఓపిక. తెర మీద పడే బలంలో నూనెది కానిది చాలా కలిసి ఉంటుంది. లోపలి గ్యాసు తోపుడు, సీలు రాపిడి, పిన్నుల వదులు, చల్లటి నూనె చిక్కదనం, యంత్రం సొంత వణుకు. వీటిని ఒక్కొక్కటిగా గుర్తుపట్టి, కొలిచి, పక్కకి తీసి, చివరికి నూనె బలాన్ని ఒక్కదాన్నే కాగితం మీదికి తేవాలి. మంచి డైనోని తయారుచేసేవాడి నేర్పూ, దాన్ని నడిపేవాడి నేర్పూ ఈ ఒక్క పనిలోనే ఉన్నాయి.

ముందు షాక్ సంగతి. స్ప్రింగు బలం అది ఎంత నొక్కుకుపోయింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. షాక్ బలం, నూనె నిండిన గొట్టంలో పిస్టన్‌ని ఆడించే దాని రాడ్ ఎంత వేగంగా కదులుతోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. రాడ్‌ని సగం లోపలికి తోసి అలాగే పట్టుకుంటే నూనె ఏ అడ్డూ చెప్పదు. కదిలిస్తేనే అడ్డుపడుతుంది, వేగం పెంచితే మరింత అడ్డుపడుతుంది. ఇంటర్మీడియట్‌లో అవరుద్ధ డోలనాల పాఠం చదివినవాళ్ళకి వేగానికి అనులోమానుపాతంలో ఉండే బలం గుర్తుండే ఉంటుంది. పాఠంలో అది సరళరేఖ. నిజమైన షాక్‌లో ఆ రేఖని ఎక్కడ, ఎంత వంచాలో తెలియడమే విద్య.

ఇక్కడ వేగం అంటే కారు వేగం కాదు, రాడ్ వేగం. మలుపులో కారు పక్కకి ఒరుగుతున్నప్పుడు, బ్రేకు వేస్తే ముందు భాగం దిగుతున్నప్పుడు రాడ్ సెకనుకు కొన్ని సెంటీమీటర్లే కదులుతుంది. అదే చక్రం గుంతలో పడినా, రేస్ ట్రాక్ అంచున ఉండే కర్బు ఎక్కినా రాడ్ వేగం సెకనుకు అర మీటరు, ఒక్కోసారి మీటరు కూడా దాటుతుంది. నెమ్మది కదలికలో షాక్ గట్టిగా పట్టి ఉంచాలి, లేకపోతే కారు స్టీరింగ్ మాట వినదు. దెబ్బ తగిలినప్పుడు మాత్రం సడలాలి, లేకపోతే చక్రం రోడ్డుని వదిలేస్తుంది. ఒకే గొట్టం, ఒకే పిస్టన్, ఒకే నూనె ఈ రెండు పనులూ చెయ్యాలి. అది ఎంతవరకు చేస్తోందో చూడాలంటే రాడ్‌ని కచ్చితంగా తెలిసిన వేగంతో కదిలించగలగాలి. డైనో పుట్టింది అందుకే.

కదిలించే పద్ధతిలోనే మొదటి నేర్పు ఉంది. మోటారు గుండ్రంగా తిరుగుతుంది, షాక్ నిలువుగా ఆడాలి. ఇంజనులో ఉన్నట్టు ఒక క్రాంక్, ఒక కనెక్టింగ్ రాడ్ పెడితే సరిపోదా అనిపిస్తుంది. ఆడటం ఆడుతుంది, కానీ ఆ కదలిక శుద్ధంగా ఉండదు. కనెక్టింగ్ రాడ్ పొడవు క్రాంక్ వ్యాసార్ధానికి నాలుగు రెట్లు ఉందనుకుందాం. అప్పుడు ఒక కొసన త్వరణం ఉండవలసినదానికంటే పాతిక శాతం ఎక్కువ, రెండో కొసన పాతిక శాతం తక్కువ అవుతుంది. అత్యధిక వేగం సరిగ్గా నడిమధ్యన రాదు. పైకి వెళ్ళేటప్పుడూ కిందికి వచ్చేటప్పుడూ షాక్ ఎలా ప్రవర్తిస్తోందో పోల్చడానికి కూర్చున్న మనిషికి ఈ తేడా పనికిరాదు. గీత వంకర షాక్‌దో యంత్రానిదో తేల్చుకోలేడు.

అందుకని మంచి వర్క్‌షాప్ డైనోలలో స్కాచ్ యోక్ అనే అమరిక వాడతారు. క్రాంక్ మీది పిన్ను ఒక అడ్డగాడిలో ఇమిడి ఉంటుంది. ఆ గాడి ఉన్న దిమ్మ నిలువు పట్టాల మీద పైకీ కిందికీ మాత్రమే జరగగలదు. పిన్ను గుండ్రంగా తిరుగుతూ గాడిలో అటూ ఇటూ జారుతుంటే, దిమ్మకి పిన్ను కదలికలోని నిలువు భాగం మాత్రమే అందుతుంది. వచ్చేది అచ్చమైన సరళ హరాత్మక చలనం. పాఠ్యపుస్తకంలోని సైన్ వక్రం ఇక్కడ ఉక్కులో ఉంటుంది. దాని లెక్క కూడా అంతే శుభ్రం. అత్యధిక వేగం కావాలంటే మొత్తం స్ట్రోక్‌ని, అంటే కొస నుంచి కొసకి ఉన్న దూరాన్ని, పై (π)తో గుణించి, సెకనుకి ఎన్ని చుట్లో దానితో గుణించాలి. 50 మిల్లీమీటర్ల స్ట్రోక్, నిమిషానికి 100 చుట్లు అయితే సెకనుకు 0.26 మీటర్లు. చుట్లు రెట్టింపు చేస్తే 0.52.

యూరప్ తయారీ షాక్స్ కాగితాల్లో 0.131, 0.262, 0.393, 0.524 అని వింత అంకెలు కనిపిస్తాయి. గుండ్రని అంకెలు వదిలేసి ఇవెందుకు ఎంచుకున్నారా అనిపిస్తుంది. లెక్క వేస్తే రహస్యం విడిపోతుంది. స్ట్రోక్ 100 మిల్లీమీటర్లు, చుట్లు నిమిషానికి 25, 50, 75, 100. క్రాంక్ దగ్గర గుండ్రంగా ఉన్న అంకెలే రాడ్ దగ్గరికి వచ్చేసరికి పైతో గుణించబడి ఆ రూపం తీసుకున్నాయి. బిల్‌స్టీన్ షాక్‌కి 275/78 అని గుర్తు ఉంటే, సెకనుకు 0.52 మీటర్ల దగ్గర అది సాగేటప్పుడు 2750 న్యూటన్లు, నొక్కుకునేటప్పుడు 780 న్యూటన్లు అడ్డుపడుతుందని అర్థం. ఒక యంత్రం చుట్ల లెక్క ఒక పరిశ్రమకంతటికీ కొలబద్దగా నిలిచిపోవడం నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది.

స్కాచ్ యోక్‌ని కాగితం మీద గీయడం తేలిక, చెయ్యడం కష్టం. ప్రతి చుట్టులోనూ బలం రెండుసార్లు దిశ మార్చుకుంటుంది. ఇప్పటిదాకా గాడి పై గోడని తోస్తున్న పిన్ను మరుక్షణం కింది గోడని తొయ్యాలి. పిన్ను బేరింగుకీ గాడి గోడకీ మధ్య వెంట్రుకవాసి వదులున్నా అక్కడ టక్కుమని కొడుతుంది. ఆ చప్పుడు చెవికి అందకపోవచ్చు కానీ గీతలో చిన్న ముల్లుగా కనిపిస్తుంది. గాడి గోడలు గట్టిపరిచిన ఉక్కుతో ఉండాలి. గ్రైండింగ్‌లో రెండు గోడలూ కచ్చితంగా సమాంతరంగా రావాలి. నిలువు పట్టాలు ఏమాత్రం ఒరిగినా దిమ్మ బిగుసుకుంటుంది. స్తంభాల సంగతీ ఇంతే. పై దూలం షాక్ లాగుడికి వంగిందంటే ఆ వంపు కూడా షాక్ కదలికలోనే లెక్కలోకి వస్తుంది. చూడటానికి అవసరానికి మించిన లావుగా కనిపించే ఆ స్తంభాలలో ఒక్క మిల్లీమీటరు కూడా వృథా కాదు.

పై దూలానికి లోడ్ సెల్ వేలాడుతుంది. అది చిన్న లోహపు దిమ్మ, దానికి అంటించిన స్ట్రెయిన్ గేజులు. బలం పడితే దిమ్మ కంటికి కనిపించనంత సాగుతుంది, గేజుల విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పే బలం అంకెగా వస్తుంది. స్థానాన్ని ఇంకో సెన్సర్ చూస్తుంది. వేగాన్ని స్థానం నుంచి అవకలనం చేసి తీయవచ్చు. అలా తీస్తే స్థానం సంకేతంలోని చిన్న గజిబిజి పెద్దదవుతుంది. అందుకే శ్రద్ధ ఉన్న తయారీదారులు వేగానికి వేరే సెన్సర్ పెడతారు. షాక్ గొట్టం మీద ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి ఉంటుంది. దాన్ని చిన్నచూపు చూడకూడదు, ఎందుకో తరవాత చెబుతాను.

ఇప్పుడు పరీక్ష. మోనోట్యూబ్ రకం షాక్ తీసుకుందాం. ఒకే గొట్టం, అందులో నూనె, అడుగున నూనెతో కలవకుండా ఒక తేలే పిస్టన్, దాని వెనక ఒత్తిడితో నింపిన నైట్రోజన్. ఈ అమరిక వెనక ఫ్రెంచి ఇంజనీరు క్రిస్టియాన్ బూర్సియే ద కార్బన్ ఆలోచన ఉంది. జర్మనీలోని బిల్‌స్టీన్ సంస్థ 1954లో దాని మీద పని మొదలుపెట్టింది. 1957లో మెర్సిడెస్ బెంజ్ కార్లతో అది మామూలు రోడ్ల మీదికి వచ్చింది.

ఆ నైట్రోజన్ రాడ్‌ని ఎప్పుడూ బయటికి తోస్తూనే ఉంటుంది. రాడ్ వ్యాసం 14 మిల్లీమీటర్లు, గ్యాసు ఒత్తిడి 20 బార్ అయితే ఆ తోపుడు 308 న్యూటన్లు, అంటే 31 కిలోల బరువుకి సమానం. దాన్ని తీసివేయకుండా గీత గీస్తే నొక్కే వైపు బలం ఉన్నదానికంటే ఎక్కువగా, సాగే వైపు తక్కువగా కనిపిస్తుంది. సీలూ రాడ్ గైడూ రాపిడి కూడా కలుపుతాయి. ఈ రెంటినీ విడదీసే పద్ధతి నాకు ఈ మొత్తం పనిలోకల్లా అందంగా తోస్తుంది. రాడ్‌ని అతి నెమ్మదిగా, నూనె ఉనికి తెలియనంత నెమ్మదిగా, ఒకసారి లోపలికి తోస్తారు, ఒకసారి బయటికి రానిస్తారు. లోపలికి వెళ్ళేటప్పుడు 330 న్యూటన్లు చూపించిందనుకోండి, బయటికి వచ్చేటప్పుడు 270. గ్యాసు రెండుసార్లూ ఒకే వైపు తోస్తుంది, రాపిడి మాత్రం ఎప్పుడూ కదలికకి ఎదురే. కాబట్టి రెండు అంకెల సగటు 300 గ్యాసుది, వాటి తేడాలో సగం 30 రాపిడిది. రెండు కొలతలతో రెండు బలాలూ విడిగా చేతిలోకి వచ్చేశాయి. రాపిడి అంకె మామూలుకంటే ఎక్కువ వస్తే అక్కడే ఆగాలి. రాడ్ వంగి ఉండొచ్చు, సీలు పొడిబారి ఉండొచ్చు. అలాంటి షాక్‌ని ముందుకు పరీక్షించడంలో అర్థం లేదు.

తరవాత వేడి చెయ్యడం. నూనె వేడెక్కితే స్నిగ్ధత తగ్గుతుంది, దానితో బలమూ తగ్గుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎడమ షాక్‌నీ, మధ్యాహ్నం వేడెక్కాక కుడి షాక్‌నీ పరీక్షిస్తే లేని తేడా కనిపిస్తుంది. అందుకే మోటారుని కొంతసేపు ఊరికే నడిపి, గొట్టం అనుకున్న ఉష్ణోగ్రతకి వచ్చాకే కొలత మొదలుపెడతారు. రెండో షాక్‌కీ అదే ఉష్ణోగ్రత. ఈ నిరీక్షణలో చాలామంది తొందరపడతారు. ఒక వర్క్‌షాప్ పనితనం తెలుసుకోవాలంటే అక్కడి డైనో ఖరీదు కాదు, వాళ్ళ పాత కాగితాల మీద ప్రతి గీత పక్కనా ఉష్ణోగ్రత రాసి ఉందా లేదా అన్నది చూస్తాను.

ఇక గీత. అడ్డంగా స్థానం, నిలువుగా బలం తీసుకుంటే ఒక్కో చుట్టుకీ ఒక మూసిన వలయం ఏర్పడుతుంది. రెండు కొసల దగ్గర వేగం సున్నా కాబట్టి బలం సున్నా. నడిమధ్యన వేగం అత్యధికం కాబట్టి బలం అత్యధికం. సాగేటప్పటి బలం పైన, నొక్కుకునేటప్పటి బలం కింద. రోడ్డు కార్లలో సాగే వైపు బలం బాగా ఎక్కువ ఉంచుతారు కనుక పై సగం ఉబ్బి, కింది సగం అణిగి, బల్ల మీద పక్కకి పడుకోబెట్టిన మామిడికాయ ఆకారం వస్తుంది. ఆ ఆకారమే లోపలి కవాటాల కథంతా చెబుతుంది. బలం వేగానికి అనులోమానుపాతంలో ఉంటే వలయం దీర్ఘవృత్తం. నూనె కేవలం చిన్న రంధ్రం గుండా పోతుంటే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అప్పుడు రెండు కొసలూ సన్నబడి మొన తేలతాయి. మొదట గట్టిగా పట్టి, కొంత వేగం దాటాక కవాటం తెరుచుకుని సడలే రకమైతే భుజాలు ఎత్తుకుని దాదాపు నలుచదరంగా తయారవుతుంది. ఒక్క అంకె చదవకుండా, గీత రూపాన్ని చూసే లోపల ఏ పిస్టన్ ఉందో చెప్పగలిగినవాళ్ళు ఉన్నారు.

ఆ వలయం లోపలి వైశాల్యానికి ఇంకో అర్థం ఉంది. బలాన్ని దూరంతో గుణిస్తే శక్తి. కనుక ఆ వైశాల్యం ఒక్క చుట్టులో షాక్ వేడిగా మార్చిన శక్తి. సాగేటప్పుడు 1000, నొక్కుకునేటప్పుడు 500 న్యూటన్లు, 50 మిల్లీమీటర్ల స్ట్రోక్ అనుకుంటే దీర్ఘవృత్తపు లెక్కన దాదాపు 59 జౌళ్ళు. నిమిషానికి 100 చుట్ల దగ్గర 98 వాట్లు. కొద్దిపాటి నూనె ఆగకుండా ఇంత వేడిని భరిస్తోంది. ఉష్ణోగ్రత సెన్సర్‌ని చిన్నచూపు చూడకూడదన్నది ఇందుకే. గుంతల రోడ్డు మీద ప్రయాణించాక షాక్ గొట్టాన్ని ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. కారు ఊపు అంతా ఆ వేడిలోకి పోయింది.

జబ్బు కూడా వలయంలోనే కనిపిస్తుంది. మామిడికాయ ఒక మూల కొరికినట్టు గుంట పడితే నూనెలో బుడగలు పుడుతున్నాయని అర్థం. అది ఇలా జరుగుతుంది. రాడ్ లోపలికి దూసుకుపోతుంటే పిస్టన్ వెనక, రాడ్ ఉన్న వైపు, ఒత్తిడి పడిపోతుంది. గ్యాసు ఒత్తిడి నూనెని అక్కడికి నెట్టలేకపోతే ఆ భాగంలో ఖాళీ ఏర్పడి బుడగలు వస్తాయి. రాడ్ వెనుదిరిగినప్పుడు ముందు ఆ బుడగలు అణగాలి, ఆ తరవాతే నూనె అడ్డుపడటం మొదలుపెడుతుంది. సాగే వైపు గీత ఆలస్యంగా లేస్తుంది. ఇది రాకుండా ఎంత గ్యాసు కావాలో ముందే లెక్క కట్టవచ్చు. పిస్టన్ 46 మిల్లీమీటర్లు, రాడ్ 14 అయితే రాడ్ చుట్టూ మిగిలే పిస్టన్ వైశాల్యం దాదాపు 15 చదరపు సెంటీమీటర్లు. 10 బార్ గ్యాసుతో నొక్కే వైపు సుమారు 1500 న్యూటన్ల వరకే ధైర్యంగా వెళ్ళగలం, 20 బార్ ఉంటే 3000 వరకు. లెక్కలో వచ్చిన హద్దు తెర మీద కూడా దాదాపు అక్కడే కనిపించడం చూస్తే మనసు నిండుతుంది.

అడ్డంగా స్థానం బదులు వేగం పెట్టి గీస్తే ఇంకో చిత్రం వస్తుంది. ఆదర్శంగా అది ఒక్క గీతగా ఉండాలి. నిజంగా వచ్చేది రెండు గీతలు. ఒకటి వేగం పెరుగుతున్నప్పటిది, ఒకటి తగ్గుతున్నప్పటిది, మధ్యలో సన్నటి ఖాళీ. నూనె కొద్దిగా నొక్కుకుంటుంది, గొట్టం కొద్దిగా ఉబ్బుతుంది, కవాటం తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ కాస్త సమయం పడుతుంది. ఆ కొద్ది కొద్దీ కలిస్తే ఈ ఖాళీ. అది వెడల్పు అయిందంటే నూనెలో గాలి చేరి ఉండవచ్చు. ప్రతి వేగం దగ్గరా అత్యధిక బలాన్ని మాత్రమే చుక్కలుగా పెట్టి కలిపిన గీతనే చాలామంది కొనుగోలుదారులకి చూపిస్తారు. అది తేటగా ఉంటుంది కానీ ఈ ఖాళీ అందులో కనిపించదు. షాక్ కొనేవాళ్ళు పూర్తి వలయం అడిగి తీసుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

గీత చెప్పినదాన్ని మార్చేది షాక్‌ని విప్పినప్పుడు బల్ల మీద పరిచే పలుచని ఉక్కు బిళ్ళలు. వాటిని షిమ్స్ అంటారు. 0.10, 0.15, 0.20, 0.25, 0.30 మిల్లీమీటర్ల మందాల్లో ఉంటాయి. పిస్టన్ రంధ్రాల మీద పెద్దది ముందు, దాని మీద చిన్నవి వరసగా పేర్చుతారు. నూనె తోస్తే వాటి అంచులు వంగి దారి ఇస్తాయి. బిళ్ళ బిగువు దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లు. 0.15 తీసి 0.20 వేస్తే దాదాపు 2.4 రెట్లు. చేతివేళ్ళ మధ్య తేడా తెలియని ఆ 0.05 మిల్లీమీటర్లు డైనో మీద స్పష్టంగా పలుకుతాయి. అందుకే ఈ పని చేసేవాళ్ళు ప్రతి బిళ్ళనీ మైక్రోమీటర్‌తో కొలిచి గానీ వెయ్యరు, పెట్టె మీద రాసినదాన్ని నమ్మరు.

ఇక్కడ పనితనం సూక్ష్మంగా ఉంటుంది. బిళ్ళ అంచున అరం పెట్టినా పోనంత చిన్న పొక్కు ఉన్నా అది పిస్టన్ మీద సమంగా కూర్చోదు. కూర్చోకపోతే నెమ్మది వేగాల్లో నూనె జారిపోతుంది. ఫలితంగా కారు మలుపులో ఒరిగేటప్పుడు పట్టు తగ్గుతుంది, దెబ్బల దగ్గర మాత్రం అంతా బాగున్నట్టే ఉంటుంది. పిస్టన్ ముఖాన్ని గాజు పలక మీద మెత్తటి పేస్టుతో రుద్ది చదును చేస్తారు. నట్టుని చేతి అంచనాతో కాక టార్క్ రెంచ్‌తో బిగిస్తారు. నూనె పోశాక రాడ్‌ని ఎంతో నెమ్మదిగా ఆడిస్తూ చివరి గాలి బుడగ పైకి వచ్చేదాకా ఆగుతారు. తరవాత నైట్రోజన్. తిరిగి డైనో మీదికి, మళ్ళీ అదే ఉష్ణోగ్రతకి, మళ్ళీ అదే వేగాలకి. పాత గీత మీద కొత్త గీత పడుతుంది. మార్చింది ఒక్క బిళ్ళ అయితే గీతలో మారవలసిన చోటే మారాలి. ఇంకెక్కడైనా కదిలిందంటే కూర్పులో ఏదో తేడా వచ్చిందన్నమాట, మళ్ళీ విప్పాల్సిందే.

ఇరుసుకి రెండు వైపులా ఉండే షాక్స్ ఒకదానికొకటి సరిపోవాలి. సరిపోకపోతే కారు ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఇంకోలా ఉంటుంది. డ్రైవరు టైర్లనీ, ట్రాక్‌నీ, తననీ అనుమానిస్తాడు గానీ షాక్స్ జత మీదికి ఆలోచన పోదు. బిళ్ళలతో కచ్చితమైన జత సాధించడం కష్టమనే కెనడాలోని మల్టీమాటిక్ సంస్థ వంగే బిళ్ళల పద్ధతే మానేసి, ఒక తొడుగులో జరిగే స్పూల్ వాల్వులు చేసింది. నూనె దారి ఆకారాన్ని యంత్రం మీదే కోసి పెట్టారు కనుక ఒకదానికీ ఇంకోదానికీ తేడా చాలా తక్కువ. రేసుల్లో నలిగిన ఆ పద్ధతి 2014 నాటి షెవర్లే కమారో జెడ్/28 వంటి రోడ్డు కార్లకీ వచ్చింది. గొప్ప పని అది. అయినా మైక్రోమీటర్‌తో బిళ్ళలు ఏరి, రెండు గీతలు ఒకదానిమీద ఒకటి దాగిపోయేలా జత కుదిర్చిన మనిషి పనిని నేను ఒక మెట్టు పైనే పెడతాను.

స్కాచ్ యోక్‌కి ఒక హద్దు ఉంది. అది సైన్ వక్రం తప్ప ఇంకో కదలిక ఇవ్వలేదు, రోడ్డు మాత్రం అలా ఉండదు. నెమ్మదిగా ఒరుగుతున్న కారు అదే క్షణంలో గుంతలో పడొచ్చు. అప్పుడు రాడ్ కదలికలో నెమ్మదీ వేగమూ కలిసిపోయి ఉంటాయి. ఇందుకోసం విద్యుదయస్కాంత యాక్చుయేటర్ ఉన్న డైనోలు వచ్చాయి. ట్రాక్ మీద కారులో రికార్డు చేసిన రాడ్ కదలికని అవి వర్క్‌షాపులో అచ్చంగా మళ్ళీ ఆడిస్తాయి. ఖరీదు ఎక్కువ, పెద్ద జట్లకే అందుతాయి. వాటితో పాత క్రాంక్ డైనో అవసరం తీరిపోలేదు. రెండు షాక్స్‌ని పోల్చడానికి, బిళ్ళ మార్పుకి ఫలితం చూడటానికి, పాడైనదాన్ని పట్టుకోవడానికి ఎప్పుడూ మారని ఒక సాదా కదలికే కావాలి. ఏ గీత అయినా చెప్పేది షాక్ ఏం చేస్తోందన్నది మాత్రమే. ఆ కారుకీ ఆ ట్రాక్‌కీ అది తగునా అన్నది స్ప్రింగు, బరువు, టైరు, నడిపేవాడి అలవాటు కలిసి తేల్చాలి.

కోయంబత్తూరులోని కారి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ పోటీకి మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు కూడా సొంతంగా కారు కట్టుకుని వెళుతుంటారు. స్వీడన్‌లోని ఓలిన్స్ సంస్థ ఇలాంటి విద్యార్థి కార్ల కోసమే టీటీఎక్స్25 అనే చిన్న షాక్ చేసింది. దాని పుస్తకంలో సర్దుబాటు క్లిక్కులని బట్టి గీతలు ఉంటాయి. అంత ఖర్చు పెట్టలేని జట్లు కొండదారుల సైకిళ్ళకి వాడే షాక్స్ బిగించుకుంటాయి. వాటి గీతలు చేతికి దొరకవు. అలాంటి జట్టుకి సొంత డైనో కట్టుకోవడం మంచి ప్రాజెక్టు. మోటారు, వేగం మార్చే డ్రైవు, స్కాచ్ యోక్, ఒక లోడ్ సెల్, చుట్టూ చెయ్యి దూరకుండా జాలీ కంచె. లేత్, మిల్లింగ్ మిషన్ ఉన్న కాలేజీ వర్క్‌షాపులో ఇది చేసుకోవచ్చు. డబ్బు తక్కువుంటే సాఫ్ట్‌వేర్ మీద తగ్గించుకోవాలి గానీ స్తంభాల లావు మీదా, గాడి గ్రైండింగ్ మీదా, లోడ్ సెల్ మీదా తగ్గించుకోకూడదు. యంత్రం నిలబెట్టిన రోజున షాక్ బిగించకముందే లోడ్ సెల్‌కి సరిచూసిన 50 కిలోల బరువు వేలాడదీయాలి. తెర మీద 490 న్యూటన్లు రావాలి. బరువు తీసేస్తే సున్నాకి రావాలి. ఇంకో బరువుతో, ఇంకో రోజు, గది వేడెక్కిన మధ్యాహ్నం కూడా అలాగే రావాలి. ఆ అంకెలు పుస్తకంలో తేదీ వేసి రాసుకున్నాకే మొదటి షాక్‌ని పిన్నులకి ఎక్కించాలి.